వెంట ఒక గొంతు తెచ్చుకోండి

జూన్ 3

అత్తా,

మాట్లాడకూడదని డాక్టరు నీకు చెప్పాడు, నాకు కాదు. ఫోన్లో అక్షరాలు గుచ్చడం నీకు చిరాకు. పోనీ నేనే మాట్లాడతానంటే, నువ్వు ఊఁ కొట్టినా గొంతుకి శ్రమేనని నాన్న ఫోను లాక్కుంటున్నాడు. ఇక మిగిలింది పోస్టు డబ్బా. మన వీధిలోదానికి నోరు తుప్పుపట్టి సగమే తెరుచుకుంటోంది. పోస్టయితే చేరినట్టు, లేకపోతే సాలీళ్లు చదువుకున్నట్టు.

వినపడనివాళ్లతో ఇన్నేళ్లు అరిచి అరిచి గొంతులో కాయ కాయించుకున్నావు. ఇప్పుడైనా నీ బదులు ఇంకొకరిని అరవనీ.

ఆపరేషనుకని నువ్వు నాన్నవాళ్లింటికి వెళ్లినప్పుడు ఎలా ఉందో దుకాణం అలాగే ఉంది. అద్దాల బల్లలో చెవి మిషన్లు వరసగా, చిక్కుడు గింజల్లా. వెనక చప్పుడు చొరబడని గది. కంప్యూటరు ముందు మూడు కుర్చీలు: ఒకటి నాది, ఒకటి వచ్చినవాళ్లది, ఒకటి వాళ్ల వెంట వచ్చిన గొంతుది. నీ పద్ధతి నేనేం మార్చలేదు. ఎవరి మాట వినాలని ఉందో వాళ్లని తెచ్చుకోమంటున్నాను, ఆ గొంతుకి తగ్గట్టు మిషన్ సరిచేస్తున్నాను, తర్వాత ఇద్దరినీ బస్టాపు దాకా నడిపించి హారన్ల మధ్య మాట్లాడించి మళ్లీ సరిచేస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దమనిషి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఉదయమంతా ఆయనకే పెట్టాను. బస్టాపు దగ్గర కూతురు వెనకనుంచి మెల్లగా "నాన్నా, చెప్పు తెగింది" అంది. ఆయన వంగి ఆమె కాళ్లకేసి చూశాడు. లోపలికొచ్చాక ఆ కూతురు మిషన్ డబ్బాకి మూడు వైపులనుంచి ఫోటోలు తీసుకుంది. "ఆలోచించుకుని వస్తాం" అన్నారు.

వచ్చారు. అదే మిషన్ ఇంటర్నెట్‌లో చవగ్గా కొని, అది చెవిలో ఈలలు వేస్తుంటే పట్టుకుని వచ్చారు. "కొంచెం సరిచేసి పెట్టమ్మా, ఎంతసేపు పని" అంది కూతురు.

"ఎంతసేపో అమ్మినవాళ్లనే అడగండి" అన్నాను.

"అడిగాం. ఫోన్ చేస్తే లైన్లో ఉండమంటున్నారు. నాన్నకి ఫోన్ వినపడదు కదా."

విన్నావా? వినపడనివాళ్లకి వస్తువు అమ్మి, సాయం కావాలంటే ఫోన్లో వినమంటున్నారు. సరిచేశాను, నీ మొహం చూసి. కానీ సాయంత్రమే ఎర్ర రంగు తెచ్చి తలుపు మీద రాసిపెట్టాను: "ఇంటర్నెట్‌లో కొన్న మిషన్లు ఇక్కడ ముట్టుకోము."

అక్షరాలు కొంచెం వంకర వచ్చాయి. కోపం మాత్రం తిన్నగానే ఉంది.

నీ
కందిరీగ


జూన్ 9

కందిరీగా,

నీ ఉత్తరం సాలీళ్లు చదివాకే నాకు చేరినట్టుంది, ఒక మూల చిరిగింది. బాగా రాశావు. బోర్డు మాత్రం తీసెయ్.

ఇక్కడ మీ నాన్న చెలరేగిపోతున్నాడు. చిన్నప్పటినుంచీ నా నోటికి భయపడ్డవాడు, ఇప్పుడు ఎదురుగా కుర్చీ వేసుకుని పాత తగువులన్నీ ఒక్కొక్కటే తిరగదోడి గెలుస్తున్నాడు. నేను కాగితం మీద జవాబు రాసేలోపు లేచి స్నానానికి వెళ్లిపోతాడు. మీ అమ్మ మాత్రం, "వదినా, ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు" అంటోంది. మెచ్చుకోలో ఎత్తిపొడుపో అడుగుదామంటే నోరు లేదాయె.

దుకాణం మాటకొస్తే, వాళ్లు ఎక్కడ కొన్నారన్నది మనకెందుకే? చవగ్గా దొరికితే నేను మాత్రం కొననా? ఆ కూతురు డబ్బా ఫోటో తీసుకుందని రాశావు. వాళ్ల నాన్న వంగి ఆమె కాళ్లకేసి చూశాడని కూడా నువ్వే రాశావు. రెండోదాన్ని పట్టుకో, మొదటిదాన్ని వదిలెయ్. వినపడనివాడి చెవిలో మాట పడేలా చేసి కూలి అడగడం నాకు చేతకాలేదు, నీకు నేర్పలేను.

నువ్వు చదువుకున్నదానివి, రోషం ఎక్కువ. మంచిదే. రోషాన్ని గల్లాపెట్టెలో పెట్టుకో, తలుపు మీద రాయకు.

బస్టాపు దగ్గర తాళాలు బాగుచేసే మన తాళాలాయన ఈపాటికి రావాలి. రాగానే కూర్చోబెట్టి నీళ్లివ్వు. ఆయన మిషన్ బాగా పాతది. గులిమి తీసి, గొట్టం మార్చి ఇవ్వు. అదీ ఇదీ కొనమని అంటగట్టకు.

నోరు కట్టేసుకున్న
నీ అత్త


జూన్ 15

అత్తా,

నీ మాట పెడచెవిన పెట్టాను. బోర్డు తియ్యలేదు.

తీస్తే ఏమవుతుందో చెప్పనా? మనం పరీక్ష చేసే గది అవుతాం, వాళ్లు అమ్మే కొట్టు అవుతారు. మన కుర్చీలో కూర్చుని, మన కంప్యూటరులో సరిపోల్చుకుని, మన బస్టాపులో విని, అక్కడ కొంటారు. ఉదయమంతా కూర్చునే మనిషిని వాళ్లు పెట్టుకోనక్కర్లేదు, అందుకే వాళ్లకి చవక. ఆ మనిషివి నువ్వు. వాళ్ల చవకదనానికి జీతం లేని నౌకరువి. ఇది నీకు మంచితనంలా ఉంది, నాకు దోపిడీలా ఉంది.

ఇక నీ తాళాలాయన సంగతి. పొరుగువాళ్లు ఎలా ఉన్నా ఆయనొక్కడు మనవాడని మురిసిపోతావుగా? మొన్న వచ్చాడు. సంచిలో ఏముందనుకున్నావు? అదే ఇంటర్నెట్ కంపెనీ పార్సిలు డబ్బా, పైన ఆ నవ్వు బొమ్మతో సహా. నేను ఒక్క మాట కూడా అనలేదు. వేలు ఎత్తి తలుపు మీది బోర్డు చూపించాను. ఆయన చదివాడు. రెండోసారి చదివాడు. సంచి మూతి ముడేసుకుని, నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్లిపోయాడు. నీళ్లు ఇవ్వలేదు. అడగనూ లేదు.

చూశావా మరి? నీ ముఖం చూసి వచ్చేవాళ్లు కూడా అంతే.

ఇంకో ముచ్చట. మనకి దుకాణం అద్దెకిచ్చిన మేడమీదాయన టేపు పట్టుకుని దిగాడు. వెంట పార్సిలు కంపెనీ చొక్కా తొడుక్కున్న ఒకడు. ఇద్దరూ కలిసి మన గోడల కొలతలు తీసుకుంటున్నారు. "ఏంటండీ?" అన్నాను. "ఆ?" అన్నాడు. మళ్లీ అడిగాను. "ఆ ఆ, బాగానే ఉన్నాం" అన్నాడు. అత్తా, ఆయనకి చెవులు పోయాయి. పొద్దస్తమానం టీవీలో వార్తలు మన కప్పు మీద గంతులేస్తున్నాయి. ఇంటి కింద చెవి మిషన్ల దుకాణం పెట్టుకుని ఒప్పుకోని మొండి ఈయనొక్కడేనేమో.

ఆ చొక్కావాడే చెప్పాడు: వచ్చే నెలాఖరుకి మన అద్దె కాగితం గడువు అయిపోతుందట. మళ్లీ రాసుకునే మొదటి హక్కు నీదే, నువ్వు వద్దంటేనే వాళ్లకట. వాళ్లొస్తే ఇక్కడ ఇంటర్నెట్ కొనుగోళ్ల మూటలు పేరుస్తారు. మనల్ని తిని, మన గదిలోనే తేన్చుతారన్నమాట.

కుట్టడానికి సిద్ధంగా ఉన్న
కందిరీగ


జూన్ 20

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు.

తాళాలాయన మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు అందరికీ చెప్పినట్టే చెప్పాను: ఎవరి మాట వినాలనుకుంటున్నారో వాళ్లని రేపు తీసుకురండి అని. మర్నాడు ఒంటరిగా వచ్చాడు. ఆ మర్నాడూ ఒంటరిగానే. మూడో కుర్చీ వైపు చూసి, "నాకెవరూ లేరమ్మా, మీరే ఏదో ఒకటి మాట్లాడండి" అన్నాడు. నా గొంతుకే సరిచేశాను. అప్పటినుంచి నెలకోసారి వచ్చి కాసేపు కూర్చుంటాడు. రోడ్డు చప్పుళ్లు, బేరాలాడేవాళ్ల మాటలు ఎలాగూ వినపడతాయి. తేటగా వినపడే మనిషి గొంతు ఆయనకి నాదొక్కటే.

ఆ మనిషికి నువ్వు వేలు చూపించావు.

ఎందుకు కొన్నాడో అడిగావా? ఒక్క మాట కూడా అనలేదని గొప్పగా రాశావు. మాట అనడమే మన పని కదే.

వెళ్లు. ఆయన బడ్డీ ఎక్కడో నీకు తెలుసు.

అత్త


జూన్ 25

అత్తా,

నీ ఉత్తరం అందిన రోజే షట్టరు దించి వెళ్లాను. బస్టాపుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య, మనిషి పక్కకి తిరిగి దూరేంత బడ్డీ. పైనంతా గుత్తులు గుత్తులుగా ఇంకా పళ్లు కొయ్యని తాళంచెవులు, గాలికి మోగుతున్నాయి. ఆ మోత ఆయనకి వినపడుతుందో లేదో. చెవిలో పాత మిషనే ఉంది, విరిగినచోట టేపు చుట్టి.

ఎదురుగా నిలబడి పెదాలు కనిపించేలా చెప్పాను, తప్పు నాదేనని. ఆయన ముందు ఒక తాళానికి నూనె వేయడం పూర్తిచేశాడు.

"దుకాణం చేతులు మారిందనుకున్నానమ్మా" అన్నాడు. "ఆవిడ అలాంటి బోర్డు పెట్టరు కదా."

"ఆవిడ పెట్టలేదు. నేను పెట్టాను. ఆవిడ మేనకోడల్ని."

"ముక్కు చూస్తే తెలిసింది. కోపం చూశాక అనుమానం తీరింది."

ఆ డబ్బా ఆయన కొన్నది కాదత్తా. అన్నకొడుకు ఎక్కడో దూరాన ఉండి, చవగ్గా వస్తోందని కొని పంపాడు. "పెట్టుకుంటే అందరి గొంతులూ ఒక్కలాగే ఉన్నాయి, రేకు డబ్బాలో గులకరాళ్లలాగ. దీన్ని తిప్పి పంపడం ఎలాగో అడుగుదామని వచ్చాను" అన్నాడు. అడగడానికి ఆయనకి తెలిసిన చోటు మనదొక్కటే. అక్కడ నా వేలు.

దుకాణానికొచ్చి బోర్డు తీసేశాను. సంతోషించకు. ఇంకోటి పెట్టాను.

ఆలోచిస్తే నాకు తట్టింది ఇది. ఇన్నాళ్లూ నీ శ్రమ మిషన్ ధర కడుపులో దాక్కుని ఉంది. జనం రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూసి, నువ్వు ఎక్కువ తీసుకుంటున్నావనుకున్నారు. ఉదయమంతా కూర్చున్న మనిషి ఆ ధరలో ఎవరికీ కనపడలేదు. ఉచితమంటే లేనట్టే లెక్క. అందుకే విడదీశాను. కొత్త బోర్డు ఇలా ఉంది:

"మిషన్ ధర ఇంటర్నెట్‌లో ఉన్నదే. మనిషి పనికి ధర వేరు. ఎక్కడ కొన్న మిషనైనా తీసుకురండి, సరిచేస్తాం."

ఈసారి అక్షరాలు వంకర పోలేదు. తాళాలాయన నిచ్చెన పట్టుకున్నాడు.

లేనివాళ్ల సంగతేమిటంటావు, తెలుసు. లేనివాళ్ల దగ్గర నువ్వెప్పుడూ తీసుకోలేదు, నేనూ తీసుకోను. ఫోటోలు తీసుకునేవాళ్ల దగ్గర తీసుకుంటాను.

మొదటిరోజు ముగ్గురు చదివి మూతి విరిచారు. ఒకావిడ, "మాట్లాడినందుక్కూడా డబ్బులా?" అంది. "మాట్లాడినందుకు కాదండీ, విన్నందుకు" అన్నాను. వెళ్లిపోయింది. రెండోరోజున రిటైరైన పాఠాల పెద్దమనిషి మళ్లీ వచ్చాడు, ఈసారి ఒక్కడే. మనవరాలి గొంతు సన్నం, అందడం లేదట. బోర్డు చదివి జేబులో చెయ్యి పెట్టాడు. "పోయినసారిది కూడా తీసుకో" అన్నాడు. తీసుకున్నాను. మనవరాల్ని వెంటబెట్టుకుని రమ్మన్నాను.

నీ కందిరీగ


జూన్ 26

కందిరీగా,

నీ జవాబు ఇంకా రాలేదు. తాళాలాయన దగ్గరికి వెళ్లే ఉంటావు. నీకు కోపం ముందు, కాళ్లు తర్వాత వస్తాయి. రావడం మాత్రం తప్పదు.

ఇప్పుడు ఇంకో సంగతి, కోప్పడకుండా చదువు. నిన్న భోజనాల దగ్గర మీ నాన్న నోరు జారాడు. నీకు ఉద్యోగం వచ్చిందట. ఆ ఇంటర్నెట్ అమ్మకాల కంపెనీలోనే, అద్దాల మేడలో, ఫోన్లో ఫిర్యాదులు వినే పని. చేరే తేదీ కూడా ఇచ్చారట. నువ్వు నాతో ఒక్క ముక్క అనలేదు.

ఎందుకు అనలేదో నాకు తెలుసు. అత్తకి గొంతు లేదు, దుకాణం చూసే దిక్కు లేదు, ఈ పరిస్థితిలో ఎలా వదిలి వెళ్తానని. ఆ బోర్డు మీది కోపం కూడా అదేనేమో అనిపిస్తోంది. వెళ్లాలనుకున్న కాళ్లని గుమ్మానికి కట్టేస్తే మనిషి ఎవరినో ఒకరిని కుట్టక మానదు.

నేనే తాడు కోసేశాను. మీ నాన్న చేత మేడమీదాయనకి ఫోన్ చేయించి, వినపడేదాకా అరిపించి చెప్పించాను, అద్దె కాగితం తిరిగి రాసుకోవడం లేదని. మాట ఇచ్చేశాను. ఆయన పార్సిలు వాళ్లతో వచ్చి తాళాలు తీసుకుంటానన్నాడు. మిషన్లు కంపెనీకి తిప్పి పంపెయ్. చప్పుడు చొరబడని గది తలుపు మాత్రం ఊడదీయించి ఇక్కడికి పంపు, మీ నాన్నకీ నాకూ మధ్య పెట్టుకుంటాను.

నవ్వించడానికి రాశాను. నవ్వు. వెళ్లి చేరు.

అత్త


జులై 1

అత్తా,

మాట ఇచ్చావా? డాక్టరు మాట్లాడొద్దన్న మనిషివి మాట ఎలా ఇచ్చావు? ఆ మాట నాన్న గొంతుతో వెళ్లింది, సంతకం లేదు. కాబట్టి చెల్లదు. వద్దనాలన్నా నీ సంతకం కావాలి, అద్దె కాగితం నేను మూడుసార్లు చదివాను.

ఇక ఉద్యోగం. వచ్చింది, నిజమే. వద్దని రాసి పంపింది నీ ఆపరేషను కంటే ముందు. నాన్నకి చెప్పలేదు, ఆయనకి ఒకటి చెబితే ఊరికి చెప్పినట్టేనని. నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నన్ను బతిమాలి పంపిస్తావని. ఇప్పుడు బతిమాలనైనా లేదు, తరిమేశావు.

ఇంటర్వ్యూలో అక్కడ ఒక పూట కూర్చోబెట్టారు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్న అమ్మాయిలు వరసలు వరసలుగా. ఒక్కో ఫోనుకి ఇంతసేపే అని గోడ మీద గడియారం. దాటితే ఎర్ర దీపం. నా పక్కనున్న అమ్మాయికి ఒక ముసలావిడ ఏదో చెబుతోంది, మెల్లగా, వెనక్కీ ముందుకీ పోతూ. దీపం వెలిగింది. అమ్మాయి, "మీకు ఇంకేమైనా సాయం కావాలా?" అని పెట్టేసింది. మొదటి సాయమే కాలేదు. ఆ దీపం చూశాకే వద్దనుకున్నానత్తా. నువ్వు కాళ్లకి కట్టిన తాడు కాదిది. నా కాళ్లు నడిచి వచ్చిన చోటిది.

కాబట్టి నా కోసమని దుకాణం వదలకు. నాకోసం వదలమని నిన్నెవరు అడిగారు? నీకు విసుగొచ్చి వదిలితే చెప్పు, తలవంచుతాను. నా పేరు పెట్టి వదిలితే మాత్రం ఊరుకోను.

నిన్న మేడమీదాయన దిగాడు, చొక్కావాణ్ణి వెంటేసుకుని. నేను భోజనానికి వెళ్లి వచ్చేసరికి ఇద్దరూ షట్టరు ముందు వంగి ఆయన దగ్గరున్న మారు తాళంచెవితో కుస్తీ పడుతున్నారు. అది పట్టదు. నీ ఉత్తరం అందిన సాయంత్రమే తాళాలాయన తాళం మార్చేశాడు. కూలి ఇస్తానంటే, "మనిషి పనికి ధర వేరని బోర్డు పెట్టావుగా, నా ధర నేను చెబుతాను. ఆవిడ వచ్చేదాకా దుకాణం తెరిచి ఉంచు" అన్నాడు.

"మీ అత్త ఒప్పుకుంది" అని మేడమీదాయన అరిచాడు.

"గడువు వచ్చే నెలాఖరు దాకా ఉందండీ. అప్పటిదాకా మీరు తాళం తియ్యకూడదు" అన్నాను.

"ఆ?"

మళ్లీ చెప్పాను. మళ్లీ "ఆ?" అన్నాడు. మూడోసారి వీధంతా వినేలా చెప్పాను. జిరాక్సు కొట్టువాడు బయటికొచ్చాడు. చొక్కావాడు బూట్లకేసి చూసుకున్నాడు.

అప్పుడు నాకు కోపం పోయింది. పక్కన నిలబడి, నీలాగే, మామూలు గొంతుతో, పెదాలు కనిపించేలా చెప్పాను: "ఒకసారి లోపలికి రండి. ఆంటీగారిని కూడా తీసుకురండి. మిషన్ కొననక్కర్లేదు."

ఆయన మొహం ఎర్రబడింది. మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఈ ఉదయం ఆయన భార్య ఒక్కతే దిగి, మూడో కుర్చీలో కూర్చుంది. "ఆయన రాడు. ముందు నా గొంతు తీసిపెట్టుకో. వాణ్ణి తర్వాత లాక్కొస్తాను" అంది. వాణ్ణి అంది, అత్తా.

దుకాణం గెలుస్తుందని చెప్పను. మూతి విరిచేవాళ్లు ఇంకా ఎక్కువే. ఒక ఏడాది నిలబడతామో, ఆరు నెలలో. కానీ ఆ మూటల కింద పడి పోతామే తప్ప, మనంతట మనం తలుపు తీసి రండని పిలవం.

దుకాణం వదిలేస్తున్నానని సంతకం పెట్టకు.

కందిరీగ


జులై 8

కందిరీగా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. ముందు రెండోది చదివాను, కాబట్టి తిట్టడానికి కారణాలు తారుమారయ్యాయి. మీ నాన్నని పిలిచి రెండూ చేతికిచ్చాను. చదివి, "అచ్చం నీ పోలికే" అన్నాడు. ఆ తగువులో కూడా తనే గెలిచానని అనుకుంటున్నాడు.

ఉద్యోగం విషయం దాచినందుకు నీ మీద కోపం ఉంది. అడక్కుండా తాడు కోసినందుకు నా మీద నీకు ఉండాలి. చెల్లుకి చెల్లు.

డబ్బు తీసుకోవడం గురించి రెండు రోజులు ఆలోచించాను. నాకు నచ్చలేదు. కానీ నువ్వు రాసిన ఒక మాట ముల్లులా దిగింది, ఉదయమంతా కూర్చున్న మనిషి ఎవరికీ కనపడలేదని. నాకూ కనపడలేదే ఆ మనిషి. బోర్డు ఉండనీ. కింద ఇంకో వాక్యం రాయించు, పైవాటికంటే పెద్ద అక్షరాలతో: "వెంట ఒక గొంతు తెచ్చుకోండి." ఆ తర్వాత చిన్నగా: "లేకపోతే మా దగ్గర ఉంది."

నిన్న డాక్టరు గొంతు తెరవమన్నాడు. "ఏదైనా ఒక మాట అనండి, మెల్లగా" అన్నాడు. ఇన్ని వారాల తర్వాత మొదటి మాట ఏమనాలా అని దారంతా వెతుక్కుంటూ వెళ్లాను. తీరా నోరు తెరిస్తే వచ్చింది, "ఇవ్వను."

ఆయన ఫీజు గురించనుకుని, "తర్వాతైనా ఇవ్వచ్చండీ" అన్నాడు.

మేడమీదాయనకి నేనే వచ్చి చెబుతాను, అదే మాట, ఆయన పెళ్లాం ఎదురుగా. ఆయనకి వినపడేలా చెయ్యడం నీ పని.

గొంతు మారిందే. బొంగురుగా, సన్నగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. అరవలేను ఇక. మీ అమ్మ గుర్తుపట్టక వంటింట్లోంచి, "ఎవరొచ్చారు?" అంది. అంటే తాళాలాయన మిషన్‌లో ఉన్నది ఇప్పుడు ఎక్కడా లేని గొంతు. కొత్తగా సరిచెయ్యాలి. ఆయన్ని ఆదివారం రమ్మను. ఆయన ఒంటరిగా వస్తాడు, రానీ. మూడో కుర్చీలో నేను కూర్చుంటాను, కంప్యూటరు ముందు నువ్వు కూర్చో.

శనివారం బస్సుకి వస్తున్నాను. నేను చేరేసరికి నువ్వు భోజనానికి వెళ్లి ఉంటావు, బయట నిలబడలేను. తాళాలాయనతో చెప్పి నాకూ ఒక తాళంచెవి కోయించి ఉంచు.

అత్త